వృద్ధుల పోషణ ఎవరి బాధ్యత? బైతుల్‌మాల్ నుంచి పాలమూరు దాకా

మన సభల్లో వృద్ధుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పక వినిపిస్తుంది: తల్లిదండ్రుల సేవ కన్నబిడ్డల విధి, కాబట్టి ముసలివారి కోసం వేరే ఏర్పాట్లు మనకు అక్కరలేదు. ఈ మాటలో మొదటి సగం నిస్సందేహంగా సత్యం. దివ్య ఖుర్‌ఆన్ ఇస్రా సూరా (17: 23-24) దైవారాధన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశించింది. వారు వృద్ధులైనప్పుడు నోట విసుగు మాట సైతం రాకూడదన్నది. కాని రెండో సగానికి చరిత్రలో ఆధారం లేదు. ఈ విధిని అందరికంటే బాగా ఎరిగిన తొలి తరం వారే వృద్ధుల పోషణను కేవలం కొడుకులకు వదిలిపెట్టలేదు.

హిజ్రీ 12 (క్రీ.శ. 633)లో హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) హీరా ప్రజలతో చేసుకున్న ఒప్పందాన్ని ఇమామ్ అబూ యూసుఫ్ తమ 'కితాబుల్ ఖరాజ్'లో నమోదు చేశారు. పనిచేసే శక్తి ఉడిగిన వృద్ధుని నుంచి జిజియా వసూలు చేయరాదు. పైగా అతనినీ, అతనిపై ఆధారపడిన వారినీ బైతుల్‌మాల్ పోషించాలి. ఆ ప్రజలు ముస్లిములు కారన్నది గమనార్హం.

అదే గ్రంథంలో హజ్రత్ ఉమర్ (రజి) వృత్తాంతమున్నది. ఒక ఇంటి వాకిట చూపు లేని యూద వృద్ధుడు యాచిస్తూ ఆయనకు కనిపించాడు. కారణమడిగితే జిజియా, అవసరం, వయసు అన్నాడు. ఉమర్ (రజి) అతన్ని ఇంటికి తీసుకుపోయి ఉన్నదేదో ఇచ్చి, తర్వాత కోశాధికారికి కబురు పంపారు. ఇతని వంటి వారందరినీ చూడాలనీ, యౌవనంలో ఒకని కష్టాన్ని అనుభవించి ముసలితనంలో విడిచిపెట్టడం న్యాయం కాదనీ దాని సారాంశం. ఇక్కడ ఆయన ఆ వృద్ధుని కొడుకులెక్కడని ప్రశ్నించలేదు. సమాజం తీర్చవలసిన బాకీగానే దాన్ని పరిగణించారు.

హిజ్రీ 20 ప్రాంతంలో ఏర్పడిన దివాన్ కూడా ఈ సందర్భంలో తలచుకోదగినది. పేర్లు రాసి, భృతి నిర్ణయించే ఈ పద్ధతి అరబ్బులకు కొత్తది. షామ్, ఇరాన్ పాలకుల దఫ్తరాలను చూసినవారి సలహాపై ఉమర్ (రజి) దాన్ని స్వీకరించారు. మంచి లక్ష్యానికి పరాయి దేశపు పద్ధతిని తీసుకోవడానికి వారు వెనుకాడలేదు. తర్వాత ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (క్రీ.శ. 717-720) బస్రా అధికారికి లేఖ రాస్తూ, సంపాదించలేని జిమ్మీ వృద్ధులను అధికారులే వెదికి భృతి ఇవ్వాలని ఆదేశించారు. వారు వచ్చి అడిగేదాకా ఆగమనలేదు.

వక్ఫ్ వ్యవస్థ ఈ బాధ్యతను మరింత విస్తరింపజేసింది. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో నెలకొల్పిన వైద్యశాల పేదా గొప్పా భేదం లేకుండా అందరికీ తెరిచి ఉండేది. మన దక్కన్‌లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో హైదరాబాదులో దారుష్షిఫా కట్టించాడు. అయితే ఈ చరిత్రకు ఒక పరిమితి ఉన్నదని ఒప్పుకోవాలి. ఇటువంటి ఆసుపత్రులు ముఖ్యంగా రాజధానులలో వెలిశాయి. నల్లమల అంచున, కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న పల్లెలకు అవి దూరం.

ఆ పల్లెలలో వృద్ధులకు ఆసరా ఉమ్మడి ఇల్లు, ఇంటి పని. గద్వాల నేతనే చూడండి. నూలు చీరకు పట్టు అంచు, కొంగు కలిపి నేసే ఆ పనిలో మగ్గం మీద కూర్చోలేని ముసలివారికీ కండెలు చుట్టే పని ఉండేది. దూదేకుల వారి ఇళ్లలోనూ అంతే: దూది ఏకే బలం తగ్గినా పరుపు కుట్టే చేయి, బేరం తెలిసిన నోరు మిగిలేవి. వయసు మళ్లినవారు ఇంటికి బరువు కాకుండా పోవడానికి ఈ పనులే కారణం.

ఈ ఏర్పాటు వలసతో సడలింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యేవరకు పాత మహబూబ్‌నగర్‌లో భాగాలు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో ఊరు విడిచి దేశమంతటా ఆనకట్టలు, కాలువలు తవ్విన 'పాలమూరు లేబర్' ఈ నేలవారే. పైగా 1981లో శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్లు మునిగి, ఇరుగుపొరుగు చెల్లాచెదురైంది. నేటికీ పడుచువారు హైదరాబాదు, ముంబయి, పుణె దారి పడితే ఇంట మిగిలేది అవ్వ, తాత, మనుమలు. విధి తెలిసిన కొడుకైనా మూడువందల మైళ్ల దూరం నుంచి తల్లికి మందు వేయలేడు కదా!

ప్రభుత్వం కొంత బాధ్యత తలకెత్తుకున్నది. 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలతో మొదలైంది. తెలంగాణలో 2014లో 'ఆసరా' కింద వెయ్యి, 2019లో 2016 రూపాయలు అయింది. ఇది స్వాగతించదగినదే. కాని కూలిపనిలో అరిగిన వేలి ముద్రను యంత్రం గుర్తించకపోతే అవ్వ వెంట ఉండి మాట్లాడేదెవరు? 2011 లెక్కల్లో దేశ జనాభాలో అరవై దాటినవారు నూటికి 8.6 మంది. 2036 నాటికి వారు నూటికి సుమారు 15 కాగలరని అంచనా. కాబట్టి ఈ ప్రశ్న ఒకటి రెండు ఇళ్లకు పరిమితమైనది కాదు.

మన మసీదు కమిటీలు చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. మొదటిది జాబితా: మొహల్లాలో ఒంటరిగా ఉన్న వృద్ధులెవరు, వారి వెంట ఆసుపత్రికి, బ్యాంకుకు పోయేవారెవరు? ఈ జాబితా నమాజుకు వచ్చే పురుషులతో ఆగరాదు. మసీదుకు రాని వితంతువుల అవసరమే ఎక్కువ గనుక స్త్రీలే ఇంటింటికీ పోయి రాయాలి. ఇరుగుపొరుగు హిందూ వృద్ధుల పేర్లూ అందులో ఉండాలి. హీరా ఒప్పందం నేర్పిన పాఠం అదే. రెండవది, వుజూ దగ్గర పట్టుకొనే కమ్మీ, నాలుగు కుర్చీలు. మూడవది, వృద్ధులకు పని: పిల్లలకు అక్షరాలు, కుట్టు, బేరసారాల లెక్క నేర్పే బాధ్యత వారికప్పగించాలి. వక్ఫ్ పత్రం షరతులు అనుమతించిన చోట ఆదాయంలో కొంత దీనికి ఖర్చు చేయవచ్చు. లేనిచోట చందా చాలు.

కొడుకు విధి కొడుకుదే, దాన్ని ఎవరూ తగ్గించలేరు. కాని ఆ విధిని చూపి సమాజం తన విధి నుంచి తప్పుకోవడాన్ని మన చరిత్ర సమర్థించదు. కోశాధికారికి కబురు పంపిన ఖలీఫా వృద్ధుని ఇంటి పరువును విచారించలేదు, అతని ఆకలినే విచారించాడు. మన మొహల్లా జాబితా కూడా అక్కడి నుంచే మొదలు కావాలి.