దూడ పెంపకం: మారిన ఆర్థిక లెక్క

పాడి చరిత్ర అనగానే పాల ఉత్పత్తి అంకెలు గుర్తుకు వస్తాయి. వాటి వెనుక ఉన్న దూడ లెక్కను కూడా విద్యార్థి గమనించాలి.

సేద్యం ఎద్దులపై నడిచిన కాలంలో ఒంగోలు ఆవుకు పుట్టిన కోడెదూడ రైతుకు ఆస్తి. దానికి వదిలిన పాలు పెట్టుబడిగా మారేవి. మూడు నాలుగేళ్లకు అది కాడికి వచ్చేది. గేదె విషయంలో, మాగాణి దమ్ముకు దున్నపోతులను కట్టినచోట తప్ప, మగదూడకు విలువ తక్కువ. 1966లో మార్విన్ హారిస్ వ్యాసంతో రేగిన చర్చలో కె.ఎన్. రాజ్, వి.ఎం. దండేకర్ వంటి ఆర్థికవేత్తలు పాల్గొన్నారు. పశుపోషణను మతవిశ్వాసంతో మాత్రమే వివరించలేమని ఆ చర్చ గుర్తుచేసింది.

1970లో ‘ఆపరేషన్ ఫ్లడ్’ ప్రారంభమైంది. పాలసేకరణ కేంద్రం ఊరికి వచ్చాక దూడ తాగే ప్రతి లీటరుకూ ధర ఏర్పడింది. మొదటి వారాల్లో దూడకు రోజూ దాని బరువులో సుమారు పదోవంతు పాలు అవసరం. అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు. గేదె పెయ్య ఈనడానికి సాధారణంగా మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. అంతవరకు ఖర్చే. అదే సమయంలో ట్రాక్టర్లు వచ్చి కోడెల గిరాకీ తగ్గింది.

ఫలితంగా చాలా ఇళ్లలో దూడ చేపుకే పరిమితమైంది. చాలినన్ని పాలు అందక మగదూడలు, కొన్నిచోట్ల పెయ్యలు కూడా చనిపోయాయి. పాలడబ్బు నేటి అవసరం తీర్చింది. కాని పెయ్యను కోల్పోయిన చిన్నరైతు తర్వాతి గేదెను అప్పు చేసి కొనవలసి వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పాల మార్కెట్ విస్తరణ దూడ విలువను ఎట్లా మార్చింది?