గుండెగోడలోని రంధ్రము: కత్తి, గొట్టము

గుంటూరు, ప్రకాశం మండలాలలో మిరపకోతల కాలమున తల్లిదండ్రులిద్దరును తెల్లవారక ముందే చేనికి పోవుదురు. బిడ్డకు గుండెలో రంధ్రమున్నదని వైద్యుడు చెప్పినచో వారి మొదటి ప్రశ్న, "కోయకుండ నయము కాదా?" అని. ఈ ప్రశ్నకు డెబ్బది ఏండ్లకు మించిన చరిత్ర కలదు.

కర్ణికల నడిమి గోడలోని రంధ్రమునే తీసికొందము. తల్లి గర్భములో శిశువు ఊపిరి పీల్చదు గనుక నెత్తురు కుడి కర్ణిక నుండి ఎడమ కర్ణికకు పోవుటకు ఈ గోడలో ఒక దారి ఉండును. పుట్టిన పిమ్మట అది మూసికొనును. కొందరిలో అచ్చట గోడయే చాలక రంధ్రము మిగులును. ఎడమవైపు ఒత్తిడి అధికము గనుక శుద్ధరక్తము కుడివైపునకు జారి, మరల ఊపిరితిత్తులకే పోవును. పిల్లవాడు బడిలో ఆడుచునే ఉండును. బరువు మోయునది కుడి జఠరిక.

1952 సెప్టెంబరు 2న అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయములో జాన్ లూయిస్ ఐదేండ్ల బాలిక శరీరమును సుమారు 28 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరచి, గుండెకు వచ్చు రక్తమును ఆపి, ఐదున్నర నిమిషములలో రంధ్రమును కుట్టివేసెను. మరుసటి ఏడు మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ ఒక యువతికి గుండె, ఊపిరితిత్తుల పనిని 26 నిమిషముల పాటు పూర్తిగా యంత్రము చేత చేయించి ఇట్టి రంధ్రమునే మూసెను. ఆ పిమ్మట ఇద్దరు పసివారు దక్కకపోగా ఆయన ఆ పనియే మానివేసెను. యంత్రమును ఇతరులు బాగుచేసిరి. గడియారముతో పందెము తప్పుటచే శస్త్రవైద్యుని చేయి నిలుకడగా పనిచేయ వీలయినది.

గొట్టము కథ ఇంతకంటె పాతది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డేలో వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువ వైద్యుడు తన చేతి సిరలోనికి సన్నని గొట్టమును తానే దూర్చుకొని, ఎక్స్‌రే గదికి నడిచిపోయి, దాని కొన గుండెలో ఉన్నట్లు చిత్రము తీయించుకొనెను. 1956లో ఆయనకు నోబెల్ బహుమానములో పాలు దక్కినది. 1975లో కింగ్, మిల్స్ అనువారు తొడ సిర గుండ జంట గొడుగువంటి సాధనమును పంపి రంధ్రమును మూసిరి. కాని ఆ గొట్టము లావు. పసివారి సిరలలో పట్టదు. నికెల్, టైటేనియము కలిసిన నిటినాల్ తీగ వచ్చిన తరువాత గాని చిక్కు విడలేదు. సాగదీసినచో దారమువలె గొట్టములో ఇముడును, విడిచినచో తన రూపమునకు తానే వచ్చును. ఈ తీగతో కర్ట్ ఆంప్లాట్జ్ అల్లిన జంట బిళ్ళల సాధనమునకు 2001 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించెను. కొద్ది నెలలలో దానిపై మన కణజాలమే పొరగా కమ్మును.

ఇక ఏది మేలు? 2002లో అమెరికాలో ప్రకటితమైన పరిశీలనలో 442 మందికి సాధనముతోను, 154 మందికి శస్త్రచికిత్సతోను చికిత్స జరిగెను. రెండు పక్షములలోను మరణము లేదు. చిక్కులు మొదటివారిలో నూటికి 7, రెండవవారిలో 24. ఆసుపత్రి వాసము ఒక దినము, మూడు దినములకు పైగా. మిరపకూలికి ఈ తేడా చిన్నది కాదు. కోసిన రొమ్మెముక అతుకుటకు ఆరు వారములు పట్టును. అయితే లెక్కను తొందరపడి నమ్మరాదు. శస్త్రచికిత్స పొందినవారు వయసులో చిన్నవారు. చీటీలు వేసి పంచిన జట్లు కావు.

మరియు బిళ్ళ నిలుచుటకు రంధ్రము చుట్టు గట్టి అంచు కావలయును. గోడ నడుమనున్న రంధ్రమునకే ఇది తగును. కవాటముల చెంతనో, పెద్ద సిర ముఖద్వారమునో ఉన్నవానికి, మిక్కిలి పెద్దవానికి కత్తియే దారి. అరుదుగా బిళ్ళ జారుటయు, గుండెగోడను ఒరయుటయు కలదు. అంచు తేల్చునది ఎకో పరీక్షయే గాని తల్లిదండ్రుల కోరిక కాదు.

పూర్వము మనవారు వేలూరుకో, మద్రాసుకో పోయెడివారు. 1991లో పుట్టపర్తిలో ఉచిత వైద్యాలయము, 2007లో ఆరోగ్యశ్రీ, 2021లో తిరుపతిలో పద్మావతి చిన్నపిల్లల హృదయాలయము వచ్చెను. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు బడులకే వచ్చి చూచుచున్నవి. పరుగులో ముందుగా ఆయాసపడు పిల్లవానిని, మాటిమాటికి రొమ్ముపడిశము పట్టు పిల్లను ఆనాడు వారికి చూపవలసినది ఉపాధ్యాయుడే. పెద్ద రంధ్రమును ఏండ్ల తరబడి విడిచినచో కొందరిలో ఊపిరితిత్తుల నాళములు గట్టిపడి, రక్తప్రవాహము ఎదురుతిరిగి, పెదవులు నీలమగును. ఆ దశలో రంధ్రమును ఏ మార్గమున మూసినను ప్రాణాపాయమే.