ఊరి సంఘం, సంఘానికో హాలు

తెలుగు పల్లెలో పదిమంది కూడి మాట్లాడుకోవడానికి చోటు కరువైన రోజు లేదు. రచ్చబండ ఉండేది, చావడి ఉండేది, గుడి మండపం ఉండేది. కాకపోతే అక్కడ ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు దూరంగా నిలబడాలో ముందే ఖరారై ఉండేది. 20వ శతాబ్దం మొదట్లో ఊళ్లోకి మరో రకం చోటు వచ్చింది. దానికి ఒక కార్యదర్శి, ఒక చందా పుస్తకం, తీర్మానాలు రాసుకునే ఒక రిజిస్టరు ఉండేవి. కొన్ని ఊళ్లు దాన్ని పఠనమందిరం అన్నాయి, కొన్ని భాషానిలయం అన్నాయి, కొన్ని యువజన సంఘం అన్నాయి. పుస్తకాల పేరుతో పుట్టినా, అది చేసింది ఊరి క్లబ్బు పని.

నైజాం రాష్ట్రంలో ఈ పని మొదలైంది పట్నంలో. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు దాని వెనక నిలిచారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. సర్కారు భాష ఉర్దూ అయిన చోట తెలుగు పుస్తకాల బీరువా పెట్టుకోవడమే ఒక ప్రకటన. పైగా సభ జరపాలంటే సర్కారు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఆంక్ష పెట్టింది. రాజకీయం మాట్లాడలేని పరిస్థితిలో గ్రంథాలయ వార్షికోత్సవమే నలుగురు కలిసే సందర్భమైంది. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం గ్రంథాలయాలు, పఠనమందిరాలు పెట్టించడాన్ని తన పనిగా చేసుకుంది. మాడపాటి హనుమంతరావు ఆ పనికి ముందు నడిచారు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు నేల సిద్ధం చేసింది ఈ చిన్న చిన్న గదులే.

కోస్తాలో కథ కాస్త వేరుగా నడిచింది. 1914 ఏప్రిల్ 1న మద్రాసులో ఆంధ్రపత్రిక దినపత్రికగా మొదలైంది. అదే నెల 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షుడు. అక్కడే గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఈ రెండు తేదీల దగ్గరితనం కాకతాళీయమే కావచ్చు, కానీ పల్లెలో ఆ రెండూ ఒకే అరుగు మీద కలుసుకున్నాయి. టపాలో పత్రిక వచ్చేది. చదువొచ్చిన కుర్రవాడు దీపం దగ్గర కూర్చుని పైకి చదివేవాడు. మిగతావాళ్లు వినేవారు, మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేవారు. ఆ ఏడాదే ఆగస్టులో ఐరోపాలో యుద్ధం రావడంతో వార్త కోసం ఎదురుచూడటం ఊళ్లకు అలవాటైంది. చదవడం రానివాడికి కూడా పఠనమందిరంలో పని ఉండేదన్నమాట.

ఒక ఊరిని దగ్గరగా చూద్దాం. చీరాల పక్కనున్న వేటపాలెం మగ్గాలకూ జీడిపప్పుకూ పేరున్న ఊరు. అక్కడి హిందూ యువజన సంఘం 1918లో సారస్వత నికేతనాన్ని నెలకొల్పింది. ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠి దానికి మూలస్తంభం. ముందు సంఘం, తర్వాత పుస్తకాలు, ఆ తర్వాతే భవనం అన్నది ఈ వరస. ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశం తిరుగుతున్న గాంధీజీ 1929లో ఆ భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఈనాటికీ అక్కడ భద్రంగా ఉంచారు. చూడటానికి వచ్చేవాళ్లు కర్రనే అడుగుతారు. పరిశోధకులు మాత్రం పాత పత్రికల కట్టల కోసం వస్తారు. ఏ ఊళ్లోనైనా పాత వార్తాపత్రిక పొట్లాలు కట్టడానికి పోతుంది. వేటపాలెంలో ఏళ్ల తరబడి సంచికలను కుట్టించి దాచారు. సర్కారు ఉత్తర్వు లేకుండా ఒక ఊరి కమిటీ పట్టుదలతో జరిగిన పని అది. ఊరు గుంటూరు జిల్లా నుంచి ప్రకాశానికి, అక్కడి నుంచి బాపట్లకు మారింది. సారస్వత నికేతనం మాత్రం వందేళ్లు దాటినా నిలిచే ఉంది.

భవనం లేని చోట కూడా సంఘం నడిచిందనడానికి కృష్ణా పడమటి కాలువే సాక్ష్యం. పాతూరి నాగభూషణం 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య పడవల్లో గ్రంథాలయం నడిపారు. ఆ రోజుల్లో కాలువ పడవ ప్రయాణమంటే గంటల తరబడి కూర్చోవడమే. గట్టున మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ నింపాదిగా సాగేది. అందులో ఒక పుస్తకాల పెట్టె, నాలుగు పత్రికలు ఉంచితే చాలు, ఊసుపోని ప్రయాణికుడు పాఠకుడయ్యేవాడు. హాలుకు గోడలకన్నా ముందు కావలసింది తీరుబడి ఉన్న మనుషులు, ఆ తీరుబడిని వాడుకోవాలన్న ఆలోచన ఉన్న ఒక మనిషి అని నాగభూషణానికి తెలుసు.

హాలు కట్టుకున్న ఊళ్లలో అది పుస్తకాలతో ఆగలేదు. రాత్రిబడి అక్కడే, హరికథ అక్కడే, నాటకం రిహార్సల్సు అక్కడే, తర్వాత్తర్వాత పంచాయతీ రేడియో కూడా అక్కడే. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయాన్నీ వయోజన విద్యనూ విడదీయకుండా చూసిన మనిషి. అక్షరం రానివాడికి తలుపు తెరవని గ్రంథాలయం సగం గ్రంథాలయమేనన్నది ఆ దృష్టి. అయితే ఈ చరిత్రను పూలదండలతో కప్పేయకూడదు. చందా కట్టగలిగినవాడే సభ్యుడు, కార్యదర్శి పదవి ఊళ్లో నాలుగిళ్ల మధ్యే తిరిగేది. ఆడవాళ్లు పుస్తకం ఇంటికి తెప్పించుకున్నారేమో గానీ ఆ బల్ల దగ్గర కూర్చున్నది అరుదు. మాలపల్లె నుంచి వచ్చినవాడికి ఆ అరుగు రచ్చబండ కన్నా ఎంత మేలైందన్నది ఊరిని బట్టి ఉండేది.

స్వాతంత్ర్యం వచ్చాక లెక్క మారింది. 1948లో మద్రాసు, 1955లో హైదరాబాదు, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టాలు వచ్చాయి. జిల్లాకో గ్రంథాలయ సంస్థ ఏర్పడింది, ఇంటిపన్ను మీద సెస్సు వచ్చింది. గ్రంథాలయ ఉద్యమకారులు కోరుకున్నదే ఇది: చందాల కోసం గడప గడపా తిరిగే అవస్థ తప్పాలి, పేదవాడికి ఉచితంగా పుస్తకం అందాలి. రెండూ కొంతవరకు జరిగాయి. కానీ శాఖా గ్రంథాలయానికి గ్రంథపాలకుడు వచ్చాక కార్యదర్శికి పని లేకుండా పోయింది. సాయంత్రం పనులయ్యాక తెరిచే తలుపుకు ఆఫీసు వేళలు వచ్చాయి. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు జిల్లా సంస్థకు జమచేయకపోతే నిలదీయడానికి ఊళ్లో సంఘం మిగల్లేదు.

ఖాళీ అయిన చోటును వేరేవి నింపాయి. రిక్రియేషన్ క్లబ్బుల్లో పేకముక్కలు పుస్తకాల కన్నా వేగంగా చేతులు మారాయి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటగా తేల్చింది. 1993లో ఎంపీ నిధుల పథకం వచ్చాక కమ్యూనిటీ హాళ్లు లేచాయి, కులానికో హాలు కూడా లేచింది. వాటిలో పెళ్లిళ్లు, పుట్టినరోజులు జరుగుతాయి. అద్దె కట్టినవారికి తాళం ఇస్తారు, మర్నాడు తీసుకుంటారు.

ఒకప్పుడు ఊళ్లో సంఘం ఉండి హాలు కోసం చందాలు పోగుచేసింది. ఇప్పుడు హాలు ముందే కట్టి ఉంది, అందులో కూర్చునే సంఘం లేదు. నిధులు, స్థలం, చట్టం అన్నీ ఉన్నాయి కాబట్టి ఈ లోటును డబ్బులేమి మీదికి నెట్టలేం. వారానికొక సాయంత్రం తలుపు తీసే బాధ్యత పదిమంది పంచుకోవాలి. ఈసారి ఆ పదిమందిలో పాత కమిటీలు బయటే ఉంచేసినవాళ్లు కూడా ఉండాలి. వేటపాలెం కుర్రకారు 1918లో చేతిలో భవనం లేకుండానే ఆ బాధ్యత తలకెత్తుకున్నారు.