మురుగు దగ్గర భద్రత ఎవరికి? (4వ భాగం)

ఈసారి కథ అమెరికాలో మొదలవుతుంది. మురుగునీటి మీద ప్రభుత్వం ఎప్పుడు డబ్బు తీస్తుందో తెలియాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

వాషింగ్టన్ నగరం దక్షిణపు కొసన, పొటొమాక్ నది ఒడ్డున బ్లూ ప్లెయిన్స్ మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. చుట్టుపక్కల పేటల్లో ఎక్కువమంది నల్లజాతి ప్రజలు. నీటిలో క్రిముల్ని చంపడానికి అక్కడ క్లోరిన్ వాడేవాళ్లు. రైలు ట్యాంకర్లలో తెచ్చి ఆవరణలోనే నిలబెట్టేవాళ్లు. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఈప్రె దగ్గర జర్మన్ సైన్యం వదిలిన విషవాయువు కూడా క్లోరినే.

2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగాయి. ఆ ట్యాంకర్ మీద దాడి జరిగితే? గాలి అటు వీస్తే విషం పార్లమెంటు భవనం దాకా పోతుంది! కొద్ది వారాల్లోనే ట్యాంకర్లు మాయమయ్యాయి. వాటి బదులు సోడియం హైపోక్లోరైట్ ద్రావణం వచ్చింది. పక్క పేటల పిల్లలు అదే గాలి పీల్చిన ఏళ్లలో ఈ తొందర ఎందుకు లేదు?

మిగతా ఊళ్ల సంగతి చూడండి. 2002 చట్టం తాగునీటి సంస్థలు తమ భద్రతా లోపాలు అంచనా వేసుకోవాలంది. మురుగునీటి కేంద్రాలను వదిలేసింది. వాటి భద్రతకు 20 కోట్ల డాలర్ల గ్రాంట్లు ఇచ్చే బిల్లు 2003లో ప్రతినిధుల సభ దాటింది గానీ చట్టం కాలేదు. చివరికి 2014లో, ప్రధానంగా అప్పులిచ్చే ఒక నిధిని భద్రతా పనులకూ వాడుకోవచ్చని చట్టం సవరించారు.

ఇక మన దగ్గరికి రండి. ఇక్కడ ప్రమాదం ట్యాంకర్‌లో లేదు, మ్యాన్‌హోల్‌లో ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ క్షణాల్లో ఊపిరి ఆపేస్తుంది. లోపలికి దిగేది ఏ కులమో నేను చెప్పక్కర్లేదు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మన బెజవాడ విల్సన్ నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి కోర్టులో పోరాడింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు పనిలో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వమంది. 2023లో ఆ పరిహారాన్ని 30 లక్షలు చేసింది.

తేడా గమనించారా? పార్లమెంటుకు ప్రమాదమంటే డబ్బు చావుకు ముందే వస్తుంది. మనవాళ్లకు శవం లేచాక వస్తుంది, అదీ కోర్టు చెబితే. పరిహారం మన హక్కు, వదలొద్దు. కానీ పరిహారం భద్రత కాదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ మున్సిపాలిటీ బడ్జెట్ తెరవండి. జెట్టింగ్ యంత్రాలకు, గ్యాస్ డిటెక్టర్లకు ఎంత పెట్టారు, ఎంత ఖర్చు చేశారు? సమాచార హక్కు కింద అడగండి. ఆ అంకె పక్కన సున్నా ఉంటే, అది మన ప్రాణానికి వాళ్లు కట్టిన ధర.