పనికత్తుల ఉక్కు

కొడవలి, మచ్చుకత్తి, ఈలపీట, వంటకత్తి వంటి నిత్యం వాడే పనిముట్ల అలుగును చేయడానికి ఉపయోగించే ఉక్కును '''పనికత్తుల ఉక్కు''' అనవచ్చును. కర్నూలు జిల్లా కోసిగి వంటి మెట్టప్రాంతాలలో పల్లె కమ్మరి చేసిన నల్లని కత్తి, అంగడిలో దొరికే స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి రెండూ వాడుకలో ఉన్నాయి. వీటిలో ఏది మేలన్నది మెరుపును బట్టి తేలదు; ఉక్కులోని కర్బనం, క్రోమియం పాళ్ళను బట్టి, అంతకు మించి దానిని కాల్చి చల్లార్చిన తీరును బట్టి తేలుతుంది.

== చరిత్ర ==
తెలుగునాట ఉక్కు తయారీ ప్రాచీనమైనది. పూర్వపు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుగోలు చేసేవారు. ఐరోపావారు దీనినే "వూట్జ్" అన్నారు. ఈ పేరు "ఉక్కు" అనే దక్షిణాది మాటనుండే వచ్చిందని పలువురి అభిప్రాయం. ఇందులో కర్బనం సుమారు 1.5 శాతం. నేటి పనికత్తులకు అంత కర్బనం అవసరం లేదు.

== కమాను పట్టీ ఉక్కు ==
కర్బనం 0.3 శాతం కంటే తక్కువగల మెత్తని ఇనుమును ఎంత కాల్చి ముంచినా కత్తికి చాలినంత గట్టిపడదు. అందుచేతనే కమ్మరులు పాత లారీ కమాను పట్టీలను ఎంచుకుంటారు. వీటిలో కర్బనం 0.5 నుండి 0.6 శాతం వరకు ఉంటుంది. కొన్ని రకాలలో సిలికాన్ 2 శాతం దాకా కలుపుతారు. బరువుకు వంగి తిరిగి నిటారుగా నిలిచే గుణం కోసం చేసిన ఉక్కు కాబట్టి దెబ్బకు ఓర్చుకుంటుంది. జొన్న చొప్పను నేలబారున కోసేటప్పుడు కొడవలి గులకరాళ్ళకు తగలక తప్పదు. అంచు కాస్త మొద్దుబారితే సాన పట్టుకోవచ్చును, పెచ్చు ఊడితే మాత్రం కూలికి ఆ పూట పని సాగదు. కాబట్టి మెట్టపొలానికి ఇదే తగినదని చెప్పవచ్చును. అయితే ఏళ్ళ తరబడి లారీ కింద నలిగిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్ళు ఉండవచ్చును.

ఆకురాయి ఉక్కులో కర్బనం సుమారు 1.2 శాతం. పదును చాలాకాలం నిలుస్తుంది. తోలు కోసే చిన్న కత్తికి మంచిదే గాని, మచ్చుకత్తిగా వాడి కొమ్మలు నరికితే విరుగుతుంది.

== స్టెయిన్‌లెస్ స్టీలు ==
1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ రూపొందించిన స్టెయిన్‌లెస్ స్టీలు కత్తుల తయారీకి మార్గం చూపింది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేనే ఉక్కుకు ఈ పేరు. వంటకత్తులలో సాధారణంగా 13 శాతం పైనే ఉంటుంది. నిమ్మ, చింతపండు, ఉల్లి కోసినా మరక పడదు. చవక రకాలలో కర్బనం తక్కువ కాబట్టి పదును త్వరగా పోతుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ గల గిన్నెల స్టీలు వేరు. అది కాల్చి ముంచినా గట్టిపడదు, అయస్కాంతానికి దాదాపుగా అంటుకోదు. అయితే అంటుకున్నదల్లా మంచి కత్తి ఉక్కు కాదు.

== కాల్చడం, చల్లార్చడం ==
ఉక్కును సుమారు 800° సెల్సియస్ దాటేవరకు ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కాని పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసుదనం తగ్గించడానికి మళ్ళీ కొద్దిగా వేడిచేస్తారు. అప్పుడు రుద్ది మెరుగుపెట్టిన అలుగుపై ముందుగా గడ్డి పసుపు రంగు (సుమారు 220°), తరువాత గోధుమ రంగు, చివరకు నీలం (సుమారు 300°) కనిపిస్తాయి. థర్మామీటరు లేని కొలిమిలో ఈ రంగులే కొలత. ఈ పని సరిగా జరగకపోతే ఎంత ఖరీదైన ఉక్కయినా వృథాయే.

== సంరక్షణ ==
నల్లని కత్తిని తుడిచి ఆరబెట్టి, కొద్దిగా ఆముదం రాసి ఉంచితే తుప్పు పట్టదు. కరెంటు సానరాయిపై ఒత్తిపట్టినపుడు అంచు నీలిరంగుకు తిరిగితే, అక్కడ ఉక్కు వేడెక్కి మెత్తబడే ప్రమాదం ఉంది. అలా మెత్తబడితే ఆ మేర అరగదీయాలి, లేదా కమ్మరి చేత మళ్ళీ కాల్పించాలి. అందుకే మధ్యమధ్య నీటిలో ముంచుతూ సాన పట్టాలి.