పెద్ద పశువుల శస్త్రచికిత్సలో మత్తు

ఆవు, గేదె, ఎద్దులకు ప్రాణాపాయం లేకుండా నొప్పి తెలియకుండా చేసే పద్ధతి. రాయ్‌పూర్ పరిసరాల్లో ఈ విద్యకు నెలవు పొరుగు జిల్లా దుర్గ్‌లోని అంజోరా. 2012లో ఏర్పడిన కామధేను విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. ఈ ప్రాంతపు కోసలి ఆవు చిన్న ఒంటిది. మోతాదును బరువు చూసే వేయాలి, కంటి అంచనాతో కాదు.

నెమరువేసే జీవికి పూర్తి మత్తు ఇస్తే చిక్కు పొట్ట దగ్గరే మొదలవుతుంది. పడుకోబెట్టాక గ్యాస్ బయటికి పోక కడుపు ఉబ్బి ఊపిరితిత్తులను నొక్కుతుంది; లోపలి మేత పైకి తన్ని శ్వాసనాళంలోకి జారవచ్చు. అందుకే ముందుగా మేత ఆపుతారు, శ్వాసనాళంలో గొట్టం వేస్తారు.

వీలైనచోట నిలబెట్టి చేయడమే మేలు. ప్లాస్టిక్ సంచులు మింగిన ఆవుకు ఎడమ డొక్క కోయాలి. వెన్నుపూసల పక్కన నరాల దగ్గర 2 శాతం లిగ్నోకైన్ అనే మత్తుమందు ఎక్కిస్తే ఆ డొక్క మొద్దుబారుతుంది. సూదితో గుచ్చి చూడాలి; చర్మం అదరకపోతేనే కత్తి పట్టాలి. కష్టపు ఈతకు తోక మొదట్లో అదే మందు సుమారు 5 మిల్లీలీటర్లు చాలు.

జైలజిన్ అనే మగతమందుతో మరింత జాగ్రత్త. గుర్రానికిచ్చే దానిలో పదో వంతుకే ఆవు మగతలోకి జారుతుంది. నిండు చూడి ఆవుకు అసలు వద్దు, గర్భాశయం ముడుచుకుంటుంది.