దాణా వరి (జపాన్)

దాణా వరి అనగా మనుషుల తిండికి కాక పశువుల, కోళ్ళ మేతకు, కొంతవరకు ఇంధన తయారీకి పండించే వరి. గింజ రుచితో నిమిత్తం లేకుండా అధిక దిగుబడి, పడిపోని కాండం లక్ష్యాలుగా జపానులో ఇటువంటి రకాలను రూపొందించారు.

నేపథ్యం

జపానులో తలసరి బియ్యం వాడకం 1962లో ఏటా 118 కిలోలు ఉండగా, 2020 నాటికి 51 కిలోలకు తగ్గింది. మిగులు బియ్యాన్ని అరికట్టడానికి ప్రభుత్వం 1970ల నుండి వరి సాగును పరిమితం చేసింది. మరోవైపు పశువుల దాణాకు కావలసిన మొక్కజొన్న దాదాపు అంతా దిగుమతే. పొలాలను బీడు పెట్టకుండా, దాణా కొరత కొంతైనా తీర్చే మార్గంగా ఈ వరి ముందుకు వచ్చింది. 1981లో వ్యవసాయ శాఖ అత్యధిక దిగుబడి రకాల పథకాన్ని ప్రారంభించింది.

కాండం బలం

ఎరువు ఎక్కువైతే వరి ఏపుగా పెరిగి, వెన్ను బరువుకు, గాలివానకు పడిపోతుంది. గోదావరి డెల్టా రైతులకు కూడా పరిచయమైన ఐఆర్ 8 (1966) వంటి రకాలలో మొక్కను పొట్టిచేసి ఈ చిక్కును దాటారు. ఐఆర్ 8 వంశం నుండి వచ్చిన కొరియా రకాల సంకరమే టకనారి (1990). అనుకూల పరిస్థితులలో ఇది హెక్టారుకు 8 టన్నులకు పైగా ముడిబియ్యం ఇస్తుంది. కానీ గడ్డి కూడా కావాలంటే పొట్టి మొక్క చాలదు. పొడవుగా ఉండి కూడా నిలబడాలి. హబటకి అనే రకంలో కాండాన్ని లావుచేసే ఎస్‌సీఎం2 జన్యువును 2010లో గుర్తించారు. ఇది కాండాన్ని లావు చేయడమే కాక వెన్నులో గింజల సంఖ్యను కూడా పెంచుతుంది. లీఫ్ స్టార్ రకంలో లిగ్నిన్ తక్కువ. లిగ్నిన్ తగ్గితే కాండం బలహీనపడుతుందని అనుకోవడం సహజం. అయితే ఈ రకం కాండం పైపొర మందంగా ఉండుట వలన గట్టిగానే నిలుస్తుంది. లిగ్నిన్ తగ్గిన గడ్డి పశువులకు సులభంగా అరుగుతుంది, ఇథనాలు తయారీకీ అనువైనది.

మేతగా

పాతర వేసిన పచ్చి వరిలోని పొట్టు తీయని గింజలు చాలావరకు అరగకుండా పేడలో బయటకు పోతాయి. అందుకే టాచిసుజుకా అనే రకాన్ని, వింతగా, చిన్న వెన్నుతో రూపొందించారు. గింజకు చేరవలసిన చక్కెర ఇందులో కాండంలోనే నిలుస్తుంది. కోళ్ళకు మొక్కజొన్నకు బదులు బియ్యం పెడితే గుడ్డు సొన రంగు వెలిసిపోతుంది.

ఇబ్బందులు

తిండి వరిలో సాధారణంగా వాడే బెంజోబైసైక్లాన్ అనే కలుపు మందుకు టకనారి, మోమిరోమన్ వంటి రకాలు చనిపోతాయి. మందును తట్టుకొనేలా చేసే హెచ్‌ఐఎస్1 జన్యువు వీటిలో పనిచేయకపోవడమే కారణమని 2019లో తేలింది. రాలిన గింజలు మరుసటి ఏడు మొలిచి తిండి వరిలో కలవడం మరొక సమస్య.

నీగాటాలో హొకురికు 193 రకం బియ్యంతో ఇథనాలు తయారుచేసి 2009 నుండి పెట్రోలులో కలిపి అమ్మారు. ప్రభుత్వ సహాయం లేనిదే గిట్టుబాటు కాక తరువాత ఆగిపోయింది. దాణా వరి సాగు కూడా రాయితీల మీదనే నడిచింది. 2022లో సుమారు 1.4 లక్షల హెక్టార్లకు చేరిన విస్తీర్ణం, 2024లో బియ్యం కొరత ఏర్పడి ధరలు పెరగడంతో రైతులు తిండి వరికి మళ్ళగా, బాగా తగ్గింది.